వంతలకు వదిలిన చోటు

నాంచారమ్మ గారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. బుర్రకథ నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు ఏది అడిగినా "తంబుర తియ్యి" అనేవారు. అందుకే కస్తూరి తన ప్రశ్నను చాలాకాలం లోపలే దాచుకుంది, ఉబ్బసాన్ని దాచుకున్నట్టే.

దాచడం పెళ్లిచూపుల నాడు తల్లి నేర్పిన విద్య. మగవాడు దగ్గితే ఇల్లంతా లేచి మంచినీళ్లు తెస్తుంది. ఆడది ఆయాసపడితే స్నానాలగదిలోకి పోయి, కొళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఇన్‌హేలర్ పీల్చుకోవాలి. కస్తూరి కాపురమంతా ఆ కొళాయి చప్పుడులోనే గడిచింది. మొన్న ఆసుపత్రికీ ఒక్కతే వెళ్లింది. గొట్టంలోకి ఊదమంటే ఊదింది. ఊపిరితిత్తుల శక్తి ఉండాల్సిన దాంట్లో సగమే ఉందన్నారు. మందు మానకుండా వాడితే మెరుగవుతుందనీ అన్నారు గానీ, బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఆమె చెవిలో 'సగం' ఒక్కటే మిగిలింది. చెప్పుకుందామంటే పక్క సీటు ఖాళీ.

ఆ సాయంత్రం అడిగేసింది. "సగం ఊపిరితో కథ చెప్పొచ్చా అమ్మా? మానెయ్యమంటే మానేస్తాను."

"తంబుర తియ్యి," అన్నారు నాంచారమ్మ గారు.

డక్కీలు పట్టుకుని వంతలు చెరోపక్కా నిలబడ్డారు, మరియమ్మా, ఆమె చెల్లెలు కరుణమ్మా. సగం కాదని రుజువు చెయ్యాలన్న పంతంతో కస్తూరి యుద్ధఘట్టం ఎత్తుకుంది. చరణం చివర వంతలు అందుకోవలసిన "తందాన తాన"నూ తనే పాడేసింది. మరియమ్మ తెరిచిన నోరు మూసుకుంది. తరువాతి చరణానికీ అంతే.

"ఇక మేమెందుకే తల్లీ? ఇంటికెళ్లి పప్పు తాలింపు పెట్టుకుంటాం," అంది మరియమ్మ.

కస్తూరి ఆగలేదు. సైన్యం కోటగోడ ఎక్కేసరికి ఆమె ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. తంబుర కింద పెట్టి పెరట్లోకి పరుగెత్తింది. కొళాయి తిప్పింది, మందు పీల్చింది, ఊపిరి కుదుటపడేదాకా గోడకు ఆనుకుని నిలబడింది. ఎవరూ రాలేదు. ఎవరూ రాకూడదనే కదా కొళాయి తిప్పింది.

లోపలికి వచ్చేసరికి తంబుర నాంచారమ్మ గారి భుజాన ఉంది. అదే ఘట్టం. ఒక చరణం చెప్పి ఆవిడ ఆగారు. వంతలు అందుకున్నారు. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని, అందరి ఎదుటా, తొందరేమీ లేకుండా గుండెనిండా ఊపిరి పీల్చారు. చాలలేదేమో, ఇంకోసారి కానివ్వమని కళ్లతో సైగ చేశారు. కరుణమ్మ డక్కీ జోరు పెంచింది. "కోటలో చిక్కిన రాజు, వంటింట్లో ఉప్పు దొరకని మొగుడిలా నిలబడ్డాడమ్మా!" అని మరియమ్మ ఓ చమత్కారం విసిరింది. గురువు మళ్లీ అందుకున్నారు. కథ ఎక్కడా తెగలేదు.

ఇన్నేళ్లుగా వింటున్న కథే. అందులో గురువు ఊపిరి తీసుకునే చోటు కస్తూరి ఆ రోజే చూసింది.

"మీకూ చాలదా అమ్మా?" అంది మెల్లగా.

"ఎవరికి చాలుతుందే?" అంటూ ఆవిడ తంబుర తిరిగి కస్తూరి భుజాన వేశారు. తరువాత చెయ్యి చాపారు. "ఆ మందు ఇటు తే."

కస్తూరి కొంగు ముడిలోంచి ఇన్‌హేలర్ తీసి ఇచ్చింది. నాంచారమ్మ గారు దాన్ని తీసుకెళ్లి మరియమ్మ చేతిలో పెట్టారు.

"కథ నడిచినంతసేపూ ఇది ఈమె దగ్గరుంటుంది. కావలసినప్పుడు గట్టిగా అడుగు."