జీడితోపులో పుట్టలు

జగ్గప్ప తమ్ముణ్ణి పొడిచి చంపినవాడికి జైలు పడింది. అయినా జగ్గప్పకు నిద్ర పట్టలేదు. నీలకంఠ గురువుగారి దగ్గరకు వచ్చి, "వాడి అన్నదమ్ముల ఇల్లు తగలబెడితే నా కడుపుమంట చల్లారుతుందా, స్వామీ?" అని అడిగాడు.

గురువుగారు మందలించలేదు. తాను ఒకప్పుడున్న కొండ దిగువ పల్లెలో జరిగినది చెప్పారు.

అక్కడ అప్పలసూరికి ఒక జీడితోపు ఉండేది. తొలకరి పడగానే తోపులోని చెదపుట్టల మీద తెల్లని పుట్టగొడుగులు లేచేవి. భార్య పైడమ్మ వాటిని ఏరుకొచ్చి కూర వండేది. ఒక ఏడు ఆమె నాట్లకు వెళ్ళినప్పుడు కూతురు నూకాలు పశువుల పాక వెనక మొలిచిన గొడుగుల్ని కోసుకుంది. అవీ తెల్లగానే ఉన్నాయి. వండుకు తిన్న పిల్ల మళ్ళీ లేవలేదు.

కర్మ అయిన మర్నాడు అప్పలసూరి గునపం పట్టుకుని తోపులోకి వెళ్ళాడు. పైడమ్మ అడ్డం పడింది. "పిల్ల తిన్నవి పాక ఎనకాలవి. పుట్ట ఏటి సేసినాదయ్యా?"

"ఏదో ఒకదాన్ని సంపాల నాను," అన్నాడతడు.

పుట్టలన్నీ తవ్వేశాడు. లోపల తేనెపట్టులాంటి మెత్తని గూళ్ళు, వాటి నిండా తెల్లని బూజు. రాలిన ఆకునూ ఎండుపుల్లనూ చెదలు మోసుకొచ్చి ఆ బూజుకు మేపుతాయి. అది వాటిని కుళ్ళబెట్టి చెదలకు తిండి చేస్తుంది, చివరికి నేలకు సారమవుతుంది. గొడుగు దాని పువ్వు మాత్రమే. అతడు గూళ్ళను కాళ్ళతో తొక్కి కిరసనాయిలు పోశాడు.

తర్వాత తోపులో ఆకు రాలింది రాలినట్టే పడి ఉంది. చెదలు తొలిచిన దారులు పూడిపోయి వాన నీరు ఇంకలేదు, పైపైనే జారిపోయింది. రెండు మూడు వేసవులకు లేత చెట్లు ఎండాయి, ఆ వెనక కాపు చెట్లూ ఎండాయి. తొలకరికి పైడమ్మ బుట్టతో వెళ్ళి ఉత్త బుట్టతో తిరిగొచ్చేది. కొన్నాళ్ళకు వెళ్ళడం మానేసింది, మొగుడితో మాట్లాడటమూ మానేసింది.

గురువుగారు అక్కడితో ఆగారు.

"అతడి కోపమైనా తీరిందా స్వామీ?" అని అడిగాడు జగ్గప్ప.

"నేను ఆ ఊరు వదిలి వస్తుంటే కనిపించాడు," అన్నారు గురువుగారు. "గునపం పట్టుకుని పొరుగువాళ్ళ తోపులో పుట్టలు వెతుక్కుంటున్నాడు."