జల్లెడ వానకి అరిచిన కప్ప

ఒకప్పుడు కప్ప ఎండాకాలంలో కూడా గట్టుమీదే కూర్చునేది. వీపుమీద ఒక్క చినుకు పడితే చాలు, బెకబెకమనేది. ఒక కప్ప మొదలుపెడితే చుట్టుపక్కల కప్పలన్నీ అందుకోవాల్సిందే. పైన మబ్బుందా లేదా అని ఒక్కటీ తలెత్తి చూసేది కాదు. చూసి అరిచేంత ఓపిక ఎవరికుంది చెప్పండి!

రైతులు మాత్రం ఆ అరుపునే నమ్ముకున్నారు. కప్ప అరిస్తే విత్తనం చల్లాలి. ఆ రోజుల్లో అదే కట్టుబాటు.

అప్పట్లో ఒక రాజుకి చెంగల్వ అనే కూతురు ఉండేది. ఎండ తగిలితే పాపం, ఆ పిల్లకి ఒళ్లంతా బొబ్బలెక్కేవి. అందుకని గడప దాటేది కాదు. అడవి ఎలా ఉంటుందో, చెరువు ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. రాజు మనసు ఊరుకోలేదు. ఒక పెద్ద చావడి కట్టించి, దాని లోపలే లోకమంతా పెట్టించాడు. ఒక మూల ఇసుక పోసి ఎడారి చేశారు. ఇంకో మూల బండలు పేర్చి కొండ చేశారు. మధ్యలో చెరువు తవ్వి, గట్టున తుంగ నాటారు.

"రండి, మా అమ్మాయికి తోడుగా ఉండండి. వెళ్లాలనిపిస్తే తలుపు తీస్తాను" అని రాజు జంతువుల్ని పిలిచాడు.

ఉడుము వచ్చి ఇసుకలో దూరింది. కొండముచ్చు బండలెక్కింది. తాబేలు, చిలకలు, పిచ్చుకలు వచ్చాయి. ఒక కప్ప కూడా వచ్చి చెరువు గట్టున కూర్చుంది. ఊళ్లవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని చూడ్డానికి వచ్చేవాళ్లు. చెంగల్వే వాళ్లకి అన్నీ తిప్పి చూపించేది. "తాబేలుని గిల్లకండి. దానికి కోపం తక్కువే గానీ సిగ్గు ఎక్కువ" అని చెప్పేది.

ఒకరోజు చెంగల్వ "అన్నీ ఉన్నాయి నాన్నా, వాన ఒక్కటే లేదు" అంది.

రాజు పనివాళ్లని దూలాలెక్కించి, జల్లెడల్లోంచి నీళ్లు పోయించాడు. చెంగల్వ చేతులు చాచి గిరగిరా తిరిగింది. కప్ప వీపుమీదా చినుకులు పడ్డాయి. ఇంకేముంది, గొంతు ఉబ్బించి అరిచింది. కిటికీలోంచి ఆ అరుపు విని బయటి కప్పలన్నీ అందుకున్నాయి. అది నడి ఎండాకాలం.

పక్క ఊళ్లో సాలమ్మ అనే ముసలమ్మ ఉంది. ఆమెకున్నది అరెకరం చేను, ఒక చేటెడు జొన్న విత్తనం. కప్పల అరుపు వినగానే జొన్నలన్నీ చల్లేసింది. రోజులు గడిచాయి. వాన లేదు. గింజలు మట్టిలోనే మాడిపోయాయి. ఇక ఏడాదంతా ఏం తినాలి?

"నా చేను మీద పడని వాన ఎక్కడ పడిందబ్బా?" అనుకుంటూ సాలమ్మ అరుపు వచ్చిన దిక్కుకి నడిచి చావడికి చేరింది. సరిగ్గా ఆ వేళకి దూలాల మీద జల్లెడలు ఆడుతున్నాయి. కింద కప్ప అరుస్తోంది. ఆమెకి కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

"ఓ కప్పా, ఇదా నువ్వు చెప్పిన వాన? నీ మాట నమ్మి ఉన్న విత్తనమంతా మట్టిపాలు చేసుకున్నానే!"

కప్ప అరుపు ఆపేసింది. "నా వీపు తడిసింది అవ్వా. వానే అనుకున్నా."

"నీ వీపు తడిస్తే సరా? నేల తడవొద్దూ?"

కప్ప సిగ్గుతో తల దించుకుంది.

"తప్పు దానిది కాదవ్వా. వాన కావాలన్నది నేను" అంటూ చెంగల్వ జల్లెడలు ఆపించింది. చిలకలూ పిచ్చుకలూ తమ జొన్నల పళ్లేన్ని ముక్కులతో సాలమ్మ వైపు తోశాయి. "తీసుకో అవ్వా. పండాక మీ చేలో వాలతాం, తరమకు" అంది పెద్ద పిచ్చుక.

సాలమ్మ గింజలు కొంగున కట్టుకుంది గానీ కదల్లేదు. "సరే తల్లీ, ఇవి ఎప్పుడు చల్లాలి? ఇక ఎవర్ని నమ్మాలి నేను?"

ఆ మాట కప్పకి గుచ్చుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది. "అవ్వా, నన్ను నీ చేలోకి తీసుకుపో" అంది.

రాజు అన్న మాట ప్రకారం తలుపు తీశాడు. చెంగల్వ గడప దాకా వచ్చి ఆగిపోయింది. "మళ్లీ వస్తావా?"

"రాను. కానీ నా గొంతు నీ దాకా వస్తుంది. అది విన్నప్పుడు నిజం వాన పడుతోందని అనుకో."

చేలో కప్ప వెనక కాళ్లతో మట్టి తోడుకుంటూ లోపలికి దిగింది. "వాన నేలలోకి దిగి నా దాకా వస్తేనే నోరు విప్పుతాను" అంది. సంగతి తెలిసిన మిగతా కప్పలూ సిగ్గుపడి అలాగే చేశాయి.

సాలమ్మ రోజూ చేనుకొచ్చి నేలకి చెవి ఆనించి వినేది. ఒకసారి చిన్న జల్లు పడింది. ఆమె చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. కప్ప పలకలేదు. సాలమ్మ ముడి విప్పలేదు. మర్నాటికి నేల మళ్లీ దుమ్మే.

చాలా రోజుల తర్వాత మబ్బు కమ్మి, రాత్రీ పగలూ కురిసింది. గుంటలు నిండాయి. బురద కదిలింది. చిక్కి సగమైన కప్ప పైకొచ్చి గొంతెత్తింది. సాలమ్మ సంతోషంతో ఏడుస్తూనే గింజలు చల్లింది. చావడి కిటికీ దగ్గర చెంగల్వ చెయ్యి బయటికి చాపింది. మబ్బు పట్టిన రోజు కదా, ఎండ లేదు. అరచేతిలో మొదటిసారి నిజం చినుకు పడింది.

అప్పటినుంచే కప్ప ఎండాకాలమంతా మట్టిలోపల నోరు మూసుకుని కూర్చుంటోంది. నేల లోపలిదాకా తడిసి, గుంటల్లో నీళ్లు నిలిచాకే పైకొచ్చి అరుస్తోంది. ఒక ముసలమ్మని ఏడిపించిన గొంతు కదా, జాగ్రత్తగా వాడుకుంటోంది.