పద్నాలుగు రోజుల సుక్రి

ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, నిద్రొచ్చినవాళ్ళు నిద్రపోండి. ఎన్ని వానలకు ముందో నాకూ తెలీదు, నాకు చెప్పినవాళ్ళకూ తెలీదు. కొండల నడుమ గెడ్డవలస అని ఓ ఊరుండేది. ఆ ఊళ్ళో సుక్రి ఉండేది. మొగుడు పోయాడు. సంతకి వెళ్ళేవాళ్ళ మూటలు మోసి బతికేది.

ఆ ఊరికి వానలతో పాటే జ్వరం వచ్చేది. ముందు వణుకు, తర్వాత కాక, ఆ తర్వాత చెమట. రోజు విడిచి రోజు అదే వరస. సుక్రికి ముగ్గురు పిల్లలు. ఒక వానాకాలం పెద్దది పోయింది. ఇంకో వానాకాలం నడిపివాడు పోయాడు. మూడో వానాకాలం చంటిది పోయింది. ఆ తర్వాత ఎవరింట జ్వరం పడ్డా సుక్రి కుండెడు నీళ్ళు తెచ్చిపెట్టేది. ఎవరూ పిలిచేవారు కాదు. తనే వెళ్ళేది.

ఒకనాడు కింద నుంచి డాక్టరుబాబు వచ్చాడు. ఆయన పెట్టెలు మోసింది సుక్రే. ఆయన అందరి వేళ్ళకీ సూది గుచ్చి గాజుపలకల మీద నెత్తురు రాసుకున్నాడు. గోడలకి మందు కొట్టించాడు. మూడు రోజులు చేదుబిళ్ళలు మింగించాడు. దోమలు చచ్చాయి. జ్వరాలు తగ్గాయి.

"ఇంక ఈ ఊరికి జ్వరం రాదు" అని చెప్పి దిగిపోయాడు.

చలికాలం గడిచింది. ఎండలు ముదిరాయి, ఊరి పక్క గెడ్డవాగు ఎండింది. వెతికినా దోమ లేదు. అప్పుడొచ్చింది మళ్ళీ. వణుకు, కాక, చెమట.

డాక్టరుబాబు పరుగున వచ్చాడు. "పక్క ఊరి నుంచి ఎవరో తెచ్చుంటారు" అన్నాడు.

"కాదు బాబూ," అంది సుక్రి. "ఇప్పుడు పడ్డవాళ్ళంతా నిరుడు జ్వరంలో నేను నీళ్ళు తెచ్చిపెట్టినవాళ్ళే. మంచం దిగని ముసలాయనకీ వచ్చింది. ఇది ఎక్కడి నుంచో రాలేదు. లోపలే పడుకుని లేచింది."

"మందు మింగాక లోపలెలా ఉంటుంది?"

"నిరుడు నేనూ పడ్డాను, నేనూ మింగాను. దోమ లేని చోట నన్నుంచి చూడు."

డాక్టరుబాబు ఆమెని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నాలుగు వైపులా సన్నజాలీ కొట్టిన గదిలో ఉంచాడు. మొదటి నెల ఏమీ లేదు. రెండో నెల ఏమీ లేదు. మూడో నెల సుక్రి పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఒక్క దోమ కుట్టకుండానే జ్వరం వచ్చింది.

"నువ్వన్నదే నిజం," అన్నాడు ఆయన. "కార్జంలో దాక్కుంటోంది. అక్కడే దాన్ని చంపే మందు వేరే ఉంది. పద్నాలుగు రోజులు విడవకుండా మింగాలి."

సుక్రి తన పద్నాలుగు రోజులూ మింగి, ఊరికోసం బిళ్ళలు మూటగట్టుకుని కొండెక్కింది.

మూడో రోజుకల్లా జ్వరం తగ్గేది. తగ్గగానే జనం బిళ్ళల్ని చూరులో దోపేసేవారు. అందుకని సుక్రి రోజూ పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగేది. గుటక పడేదాకా గుమ్మంలోంచి కదిలేది కాదు.

ఆమె చెల్లెలు మంగ్లి. మంగ్లి కొడుకు గాసి, దుక్కలా ఉండే పెళ్ళీడు కుర్రాడు. వాడికీ జ్వరం పడితే సుక్రి బిళ్ళలు మొదలుపెట్టింది. మూడో రోజు వాడన్నాడు: "పెద్దమ్మా, ఒంటేలు నల్లగా పోతోంది."

"జ్వరం వేడిరా అది. మింగు నాయనా."

మింగాడు. నాలుగో రోజు కళ్ళు పచ్చబడ్డాయి. ఐదో రోజు పోయాడు.

"జ్వరమైతే వదిలేదే అక్కా," అంది మంగ్లి. "నువ్వు వదల్లేదు."

ఊరంతా సుక్రికి తలుపులేసింది. ఆమె పట్నం దాకా నడిచి వెళ్ళింది.

"బాబూ, నా చేత్తో ఏం పెట్టించావు?"

డాక్టరుబాబు తల దించుకున్నాడు. "కొందరి నెత్తురుకి ఈ మందు పడదు. నెత్తురు విరిగిపోతుంది. చదివాను గానీ, మన దగ్గర ఉండదనుకున్నాను. ఒంటేలు నల్లబడితే వెంటనే ఆపాలి."

"ఆ ఒక్క మాట మొదటే చెప్పుంటే..." అంది సుక్రి.

మళ్ళీ కొండెక్కింది. మళ్ళీ గుమ్మాల్లో నిలబడింది. మొదటి రోజు ఎవరూ తలుపు తియ్యలేదు. రెండో రోజు రాళ్ళు విసిరారు. మూడో రోజు, మంచం దిగని ముసలాయన లోపల్నించి కేకేశాడు: "వణికి వణికి విసుగెత్తింది. తే, మింగుతాను."

ఆనాటి నుంచి సుక్రి ముందు ఒంటేలు రంగు అడిగేది, తర్వాతే బిళ్ళ ఇచ్చేది. ఇద్దరికి రంగు మారింది. ఆపేసింది. ఇద్దరూ బతికారు. మిగతావాళ్ళు పద్నాలుగు రోజులూ మింగారు. మరుసటి ఎండలకి వాళ్ళలో ఎవరికీ జ్వరం లేవలేదు.

తర్వాత ఒక వానాకాలం, పై గుడిసెల్లో ఒకామెకి మందు పదో రోజు. దారిలో గెడ్డ పొంగింది. "ఈ పూటకి ఆగు" అన్నారు. సుక్రి ఆగలేదు. మర్నాడు కింద రాళ్ళ మధ్య దొరికింది. నడుముకి కట్టుకున్న మైనపుగుడ్డ మూటలో బిళ్ళలు తడవలేదు.

మంగ్లి ఆ మూట విప్పి తీసుకుంది. ఏడవలేదు. నీళ్ళు తగ్గేదాకా ఒడ్డున కూర్చుని, దాటి, పై గుడిసెలకి ఎక్కింది.

"ఒంటేలు రంగేంటి?" అంది.

"బాగానే ఉంది. నువ్వొచ్చావేం? సుక్రి రాలేదా?"

మంగ్లి బిళ్ళ ఆమె చేతిలో పెట్టింది.

"వచ్చింది. మింగు."

మిగిలిన రోజులూ మంగ్లే వెళ్ళింది. గాసి గుర్తొస్తే మాత్రం అక్కని తిట్టేది. చచ్చేదాకా తిట్టింది.

ఇప్పటికీ ఆ కొండల్లో ఎవరికి చలిజ్వరం పడ్డా, మందు నడిచినన్నాళ్ళూ పొద్దున్నే ఇరుగుపొరుగువాళ్ళలో ఒకరు గుమ్మంలోకి వస్తారు. ముందు రంగు అడుగుతారు. గుటక పడేదాకా కదలరు. జ్వరం తగ్గిందని ఆ మనిషి పొలానికి బయల్దేరితే, దారిలో ఆపి అడుగుతారు:

"సుక్రి వచ్చిందా?"

వచ్చిందంటేనే దారిస్తారు.