దానం మాటకు అర్థం

ఏడేనుగులు మోయలేనంత నిఘంటువు రాసిన విరూపాక్షశాస్త్రి, నిండు కొలువులో గానుగ తిరుపాలమ్మను నిలబెట్టాడు. ఆమెకున్నది ఒక్కటే ఎద్దు. అది లేకపోతే గానుగ తిరగదు, ఇంట్లో పొయ్యి వెలగదు.

"యంత్రం, లాభం, దానం, అన్నిటికీ అర్థాలు రాశాను. దానమంటే అడిగినవాడికి కాదనకుండా ఇచ్చేయడం. రాజముద్ర పడింది కాబట్టి అదే చట్టం. నీ ఎద్దును అడుగుతున్నాను!"

తిరుపాలమ్మ అతని చేతిలో నీళ్ళు ధారపోసి, ఎద్దు పలుపు అందించింది. సభ కార్చిన కన్నీళ్ళకు కోట కందకం నిండిపోయింది.

ఆ వెంటనే ఆమే చెయ్యి చాపింది. "అయ్యవారూ, ఎద్దిప్పుడు తమది. నేనడుగుతున్నా, ధారపొయ్యండి. తమరు మళ్ళీ అడిగితే మళ్ళీ ఇస్తా, మళ్ళీ అడుగుతా."

రాజుగారు గంటం అందుకుని ఆ అర్థాన్ని కొట్టేసి, పలుపు తిరుపాలమ్మకిచ్చారు.