బోయీల పప్పూ నెయ్యీ

అనగనగా ఒక కొండరాజ్యం. దానికొక రాజు, రాజుకొక పల్లకీ, పల్లకీకి ఎనిమిది మంది బోయీలు. రాజుల కథలు చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది పిల్లలూ. ఇది బోయీల కథ, వినండి.

బోయీలకు పెద్ద గవరయ్య. నలభై ఏళ్లు మోసి మోసి ఒక భుజం కిందికి జారిపోయింది. ముందు నడుస్తూ "రాయుంది! గుంటుంది!" అని కేకలేసేది అతడే. వెనకవాళ్లకు పల్లకీ అడ్డం కాబట్టి ఆ కేకలే కళ్లు.

వాళ్ల కూడు రాజుగారి వంటశాల నుంచే. అన్నంలో ముద్దపప్పు, పైన నెయ్యి. ఒకనాడు పప్పుల అధికారికీ నేతి అధికారికీ సభలో తగువొచ్చింది.

"ఒంటికి బలం పప్పే!"

"కాదు, నెయ్యే!"

రాజుకు పొద్దుపోవడం లేదు. "బోయీలకు నెలకొకటి చొప్పున పెట్టి చూద్దాం. కొండదారిలో పల్లకీ నేల తాకిందో, వాళ్ల కొలువు ఊడినట్టే" అన్నాడు. తగువు వాళ్లది, మోత వీళ్లది. లోకం తీరే అంత.

మొదటి నెల పప్పన్నమే, చుక్క నెయ్యి లేదు. చలికి చర్మం పగిలింది. సగం కొండ ఎక్కేసరికే ఓపిక అయిపోయింది. ఎలాగో పల్లకీని పైకి చేర్చారు.

రెండో నెల నేతి అన్నమే, పప్పు బద్ద లేదు. ఒళ్లు వెచ్చగానే ఉంది. కానీ గవరయ్య తమ్ముడు పైడయ్యకు పల్లకీ మోసే కర్ర, అదే దండె, ఒరుసుకుని భుజం పుండైంది. ఆ పుండు ఎంతకీ మానదు. అందరి జబ్బలూ సన్నబడ్డాయి.

"ఇంక నా వల్ల కాదన్నా" అన్నాడు పైడయ్య కొండదారిలో.

"ఓర్చుకోరా తమ్ముడా. దించితే పిల్లల కూడు పోతాది" అన్నాడు గవరయ్య. ఓర్చుకోమని చెప్పడానికి కూడా అతనికి ఓపిక లేదు. అయినా పల్లకీని దించలేదు.

మూడో పయనం వచ్చింది. రాజు పల్లకీ ఎక్కి, "పైకి చేరేలోగా ఏది గొప్పదో చెప్పు గవరయ్యా. రెండోది శాశ్వతంగా మాన్పిస్తా" అన్నాడు. "పప్పు అను, ఇల్లు కట్టిస్తా" అని ఒక అధికారి చెవిలో ఊదాడు. "నెయ్యి అను, పాడి ఆవునిస్తా" అని రెండోవాడు.

లోయ అంచున గవరయ్య ఆగాడు.

"దొరా, ముందు నలుగురం, వెనక నలుగురు. ఎవరు గొప్పో తమరే చెప్పండి. మిగతావాళ్లు ఇక్కడే దండె వదిలేస్తారు."

రాజు కిందికి చూశాడు. పల్లకీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"పప్పు ఒంటిని కడతాది దొరా, పుండు మానుస్తాది. నెయ్యి నడకకు సత్తువ, చలికి దుప్పటి. రెండూ ఉంటేనే మనిషి. మేం మీ తగువుకు తూకంరాళ్లం కాదు. అలిసిపోయాం."

వైద్యులు పప్పులో ఉన్నదాన్ని మాంసకృత్తులంటారు, నేతిలో ఉన్నదాన్ని కొవ్వంటారు. గవరయ్యకు ఆ పేర్లు తెలియవు. మోసిన ఒంటికి తెలుసు.

రాజు పైడయ్య భుజం వైపు మొదటిసారి చూశాడు. "దించండి" అన్నాడు.

పల్లకీ నేల తాకింది. ఎవరి కొలువూ ఊడలేదు. మిగిలిన కొండ రాజు నడిచే ఎక్కాడు, అధికారులిద్దరూ ఖాళీ పల్లకీ మోస్తూ వెనక వచ్చారు.

నీతి: ఒంటికి పప్పూ కావాలి, నెయ్యీ కావాలి, ఏది గొప్పదని తగువులాడేది బరువు మోయనివాళ్లే.