దీపాలు పెట్టాక నిప్పిచ్చిన తల్లి

తూర్పు కనుమల్లో ఘాట్ రోడ్డు చివరి మలుపు దాటగానే మంచుమెట్ట కనిపిస్తుంది. కనిపిస్తుందని అనడమే గానీ, పుష్యమాసంలో పొద్దెక్కేదాకా పక్కవారి ముఖమైనా కానరాదు. గడ్డి మీద మంచు పేరుకుంటుంది. బిందెలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. ఇంతటి చలిలో కొలువైన తల్లిని నిప్పులమ్మ అంటారు. భక్తులు కొబ్బరికాయ తేకపోయినా ఆ తల్లి ఏమీ అనుకోదు గానీ, ఒక ఎండుకట్టె తేవడం మరవకూడదు.

పూర్వం ఇక్కడ కాసులమ్మ అనే పెద్దావిడ ఉండేది. ఆమె కూతురు సన్యాసమ్మ పురిటికి వచ్చి, మంచు దంచి కొడుతున్న రోజుల్లో ఆడపిల్లను కన్నది. అల్లుడు ఉప్పు కోసం దిగువ సంతకు వెళ్లాడు. ముసురు పట్టి కప్పు కారి, నీళ్లు సరిగ్గా పొయ్యిలోనే పడ్డాయి. బాలింత పక్కనున్న కుంపటీ చల్లారింది. చెకుముకి కొడదామంటే దూది చెమ్మగిల్లిపోయింది. సందె వేళకు పసిగుడ్డు పెదవులు నల్లబడ్డాయి, ఏడుపు సన్నగిల్లింది. అది చూసి కాసులమ్మ ప్రాణం విలవిల్లాడింది.

ఖాళీ పిడత పట్టుకుని పొరుగింటికి పరుగెత్తింది. పొరుగింటి ఎర్రయ్యమ్మ మంచిదే, కానీ అప్పటికే దీపం పెట్టేసింది.

"ఓలమ్మా, దీపాలెట్టేక నిప్పిత్తే లచ్చిందేవి ఎల్లిపోద్ది గదే! తెల్లారనీ, పిడతెడు ఇత్తాను," అంది.

"తెల్లారేదాకా పిల్ల ఉండాల గదే!" అని కాసులమ్మ బతిమాలింది. ఏ గడపలో అడిగినా అదే మాట. ఎవరూ చెడ్డవారు కారు, అందరికీ ఆచారమంటే భయం, అంతే.

ఇక మిగిలింది గుట్ట మీది అమ్మవారి గుడి. సాంబ్రాణి వేయడానికి అక్కడ ఒక నిప్పుల కుండ ఆరకుండా ఉండేది. పురిటింటివారు గుడి మెట్టు తొక్కితే ఊరి నుంచి వెలివేసేవారు. కాసులమ్మకు ఆ సంగతి తెలియక కాదు. తెలిసే ఎక్కింది. వేళ్లు వంగక గడియ రాలేదు. ఏడ్చి, పళ్లతో లాగి, చివరికి తలుపు తీసింది. "తల్లీ, తప్పయితే నన్ను కొట్టు. పిల్లజోలికి మాత్రం రాకు," అని కుండలోని నిప్పంతా పిడతలోకి ఎత్తుకుంది.

ఆ చలికి తెల్లారేసరికి ఊళ్లో ఒక్క పొయ్యిలోనూ నిప్పు మిగల్లేదు. నిప్పు కోసం గుడికి వెళ్లినవారికి తెరిచిన తలుపు, ఖాళీ కుండ కనిపించాయి. మెట్ల మీద రాలిన బొగ్గుల వెంట వచ్చి, ఊరంతా కాసులమ్మ వాకిట్లో నిలబడింది. ఆమె బయటికి వచ్చింది. వెలివేయాలని ఒకరిద్దరు కేకలేశారు.

అప్పుడు పూజారి బొంజన్న ముందుకు వచ్చాడు. "అరవకండి. తెల్లారుజామున అమ్మ నాకు కలలో అగుపించింది. 'ముసిల్ది గడియ తియ్యలేక ఏడిసింది గదరా, నా గుడికి తలుపెందుకు? ఈ ఊళ్లో సందేళ నిప్పిచ్చిన ఇంట్లోనే నేనుంటాను' అంది," అని చెప్పాడు.

అంతలో లోపల పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని ఎర్రయ్యమ్మ బావురుమంది. కాసులమ్మ గుడి నిప్పుతో రాజేసిన కుంపటి బయటికి తెచ్చి, మొదటి నిప్పు ఆమె పిడతలోనే పోసింది. ఆ రోజే గుడి తలుపు ఊడదీశారు.

నేటికీ ఆ గుడికి తలుపు లేదు. ఊళ్లో కరెంటు, గ్యాసు పొయ్యి వచ్చినా, భక్తులు తెచ్చిన కట్టెలతో నిప్పుల కుండ ఆరకుండా చూస్తారు. పుష్యమాసమంతా సందెవేళ దీపం పెట్టి, పొరుగింటికి పిడతతో నిప్పు పంపుతారు. పురిటిల్లు ఉంటే మొదటి పిడత అక్కడికే. పురిటింటివారు ఎప్పుడైనా గుడి మెట్లెక్కవచ్చు. ఈ తల్లిని కొలిచినవారి ఇంట పిల్లాపాపా చల్లగా ఉంటారని నమ్మకం. ఆనాటి నుంచి మంచుమెట్టలో చలికి ఒక్క పసిబిడ్డ కూడా పోలేదని ఇక్కడి ముసలమ్మలు అమ్మవారి మీద ఒట్టేసి చెబుతారు.