తీగకూ అయస్కాంతానికీ నడుమ

తీతుకు ఒకటే దిగులు. చర్చిలో తాను వాయించే బేస్ గిటార్ స్వరం మోగినట్టే మోగి సగంలో చచ్చిపోతోంది. గుడ్ ఫ్రైడే దగ్గరపడింది. ఆ రోజు పాటలన్నీ నిదానంగా సాగేవే. కింద బేస్ నిలవకపోతే పైన గొంతులు నిలవవు.

ఆడలేక మద్దెల ఓడనే రకం కాదతను. వేళ్ళు కాయలు కాసేదాకా సాధన చేసినవాడు. అందుకే మరీ కుమిలిపోయాడు.

ఆ గిటార్ జపాన్‌లో తయారైన పాతకాలపుది, జీవరత్నం మాస్టారిది. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన దాన్ని శిష్యుడి ఒళ్ళో పెట్టారు. అప్పటినుంచి ప్రతి ఆరాధనలోనూ తీతు పక్కనే కుర్చీ వేసుకుని, కాలితో తాళం వేస్తూ కూర్చుంటారు. తీతు ఆ కాలి మీదినుంచి చూపు తిప్పడు. "కళ్ళు మూసుకుంటే అచ్చం మాస్టారే" అంటారు జనం. మొదట్లో ఆ మాటకు పొంగిపోయేవాడు. ఇప్పుడు భయపడుతున్నాడు. మాస్టారు లేని రోజు తన చేతులు ఆడతాయా అన్నదే ఆ భయం.

ఒక సాయంత్రం కొత్త పికప్‌లు కొనితెచ్చి మాస్టారి ముందు పెట్టాడు. పికప్ అంటే మరేం కాదు, తీగల కింద కూర్చుని వాటి కదలికను పట్టి స్పీకర్‌కు పంపే అయస్కాంతం.

"పాతవి నీరసించిపోయాయండి మాస్టారూ. ఇవి వేసేద్దామండి."

"పడతాయా?"

"కొంచెం పెద్దవండి. చెక్క కాస్త తొలచాలండి."

మాస్టారు గిటార్ అందుకుని వంగి చూశారు. పాత పికప్‌లు దాదాపు తీగలకు తగులుతున్నాయి.

"వీటినెవరు ఇంత పైకి లేపారు?"

"నేనేనండి. దగ్గరుంటే బాగా పట్టుకుంటాయని."

ఆయన స్క్రూడ్రైవర్ అడిగి తీసుకున్నారు. చేతులు వణుకుతున్నాయి. తీతు సాయం పట్టబోతే తల అడ్డంగా ఊపారు. ఒక్కో మర తిప్పి పికప్‌లను కిందికి దించడానికి చాలాసేపే పట్టింది.

"ఇప్పుడు మీటు."

తీతు మీటాడు. స్వరం నిలిచింది. గదంతా నిండి, తనంతట తాను సన్నగిల్లేదాకా నిలిచింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయస్కాంతం కదరా," అన్నారు మాస్టారు. "మరీ దగ్గరికొస్తే తీగను తనవైపే లాక్కుంటుంది. ఊగనివ్వదు. మరి, చెక్క తొలిచేదా?"

తీతు వద్దన్నట్టు తలూపాడు.

గుడ్ ఫ్రైడే నాడు చర్చి కిటకిటలాడుతోంది. మాస్టారు వచ్చి, తన కుర్చీ చేత పట్టుకుని, ఆగి ఆగి నడుస్తూ చిట్టచివరి బెంచీ వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. తీతు గిటార్ పక్కన పెట్టి కంగారుగా వెళ్ళాడు.

"ఇక్కడ కూర్చుంటే మీ కాలు నాకు కనపడదండి మాస్టారూ."

"కనపడదు," అన్నారాయన. "నాకు నువ్వు వినపడతావు. వెళ్ళు."